మేకవెంట్రుకల తాడు

శ్రీశైలమ్మ గొంతు ఒక ఆదివారం పొద్దున పోయింది. మనిషి అంతకు ముందే, కార్తీకంలో పోయింది. ఆ రెంటికీ నడుమ ఉన్న నెలల్లో లక్ష్మీనరసయ్యకు ఒక అలవాటు ఏర్పడింది. పొద్దున్నే కాఫీ కలుపుకొని వంటింట్లో బల్ల ముందు కూర్చుంటాడు. భార్య లాప్‌టాప్ మూత ఎత్తుతాడు. ఆమె నడిపిన వెబ్‌సైటులో చిట్టచివర ఉన్న రికార్డింగు ఒక్కసారి వింటాడు. మూత దించి, గ్లాసు కడుక్కొని, దొనకొండ బడికి రైలు అందుకోవడానికి బయల్దేరతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. లెక్కల మాస్టరు, మామూలుగానే మాట తక్కువ మనిషి.

ఆ సైటు పేరు 'పిలుపు'. శ్రీశైలమ్మ మార్కాపురంలో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది. పుట్టింది మాత్రం పుల్లలచెరువు దగ్గర అడవి అంచున, గొర్రెలు మేపే ఇంట్లో. సెలవు దొరికితే చాలు, మందలు కాసే ఇళ్ళకు పోయి, ఎవరు తమ జీవాలను ఏ కూతతో పిలుస్తారో ఫోనులో పట్టుకొచ్చి ఆ సైటులో పెట్టేది. ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు. కంభం చెరువు వెనకనున్న వాళ్ళు నాలుక మడిచి పిలుస్తారు. దొనకొండ మెట్టల మీది వాళ్ళు పెదాలు బిగించి పిలుస్తారు. ఒకరి పిలుపుకు ఇంకొకరి గొర్రె తలెత్తి చూడదు.

చిట్టచివరి రికార్డింగు ఆమె గొంతే. అది వాళ్ళ నాయన అంకన్న పిలుపు. అంకన్న బతికున్న రోజుల్లో ఆమెకు ఈ ఆలోచన రాలేదు. అందుకని ఆ కూతను తానే గుర్తు తెచ్చుకొని, ఇదే వంటింట్లో నిలబడి పట్టింది. "ద్రుయ్… ద్రుయ్ ద్రుయ్… రాండి తల్లీ, పొద్దుగూకింది." ఆ తర్వాత నవ్వు. నవ్వు మీదనే కుక్కరు విజిలు. దాని వెనక, "ఏందయ్యా, అట్ల చూస్తా నిలబడకపోతే ఆ పొయ్యి ఆపకూడదా?"

ఆ చివరి మాట కత్తిరించి పెడదామన్నాడు సైటు తయారుచేసి ఇచ్చిన జాన్సన్. "ఉండనియ్యి, అది కూడా పిలుపే కదా" అన్నది ఆమె. లక్ష్మీనరసయ్య రోజూ వినేది ఆ మాట కోసమే.

వినడానికి సైటును అందరిలాగా బయటినుంచి తెరిచినా సరిపోతుంది. అతను అట్లా తెరిచేవాడు కాదు. ఆమె తెరిచినట్టే, లోపలి వాకిలి నుంచి తెరిచేవాడు. అక్కడ పైన ఒక మూల 'స్వాగతం, శ్రీశైలమ్మ' అని కనిపిస్తుంది. పాస్‌వర్డు అతనికి తెలియదు. మాటిమాటికీ కొట్టలేనని ఆమె విసుక్కుంటే, ఒకసారి కొడితే ఏడాదిదాకా అడగకుండా జాన్సనే ఏర్పాటు చేశాడు. పొరపాటున బయటికి వస్తే మళ్ళీ లోపలికి పోయే దారి లేదు. అందుకని లక్ష్మీనరసయ్య ఆ మూలనున్న 'లాగౌట్' అన్న మాట దగ్గరికి వేలు కూడా పోనిచ్చేవాడు కాదు.

ఆ ఆదివారం లోపలి పేజీలో ఎవరో రాసిన వ్యాఖ్య ఒకటి కనిపించింది. 'శ్రీశైలమ్మ గారూ, మీ పాత ఫోటో ఒకటి మా దగ్గర ఉంది. ఇక్కడ చూడండి.' కింద లింకు. ఫోటో తీయబోతే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి ఆమె. ఇంట్లో ఉన్న ఫోటోలు అన్నీ కలిపినా ఒక గోడకు చాలవు. లక్ష్మీనరసయ్య ఇంకేమీ ఆలోచించలేదు. నొక్కాడు.

తెల్లటి పేజీ వచ్చింది. ఫోటో రాలేదు. నెట్టు నెమ్మదిగా ఉందేమోనని కాఫీ చల్లారేదాకా చూశాడు. సరేలెమ్మని వెనక్కి వచ్చి 'పిలుపు' తెరిస్తే, పిలుపులు ఉండాల్సిన చోట పేకముక్కలు, రంగురంగుల నోట్లు, రమ్మీ ఆడి గెలవమని పిలిచే బొమ్మలు. కిందికి జరిపాడు. ఇంకా కిందికి జరిపాడు. మందలు లేవు, మనుషులు లేరు. ఆఖరున ఉండాల్సిన గొంతు లేదు.

పైన మూలన మాత్రం 'స్వాగతం, శ్రీశైలమ్మ' అట్లాగే ఉంది.

*

జాన్సన్ నెట్ సెంటరు మార్కాపురం బస్టాండు వెనక సందులో ఉంది. హాల్ టికెట్లు, ఆధార్ మార్పులు, పాస్‌పోర్టు ఫోటోలు అతని బతుకుతెరువు. 'పిలుపు' మాత్రం బతుకుతెరువు కాదు. తన కూతురికి పద్యం భయం పోగొట్టిన మేడం కోసం చేసిన పని. లాప్‌టాప్ చంకలో పెట్టుకొని వచ్చిన లక్ష్మీనరసయ్యను చూసి, ముందున్న కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. లోపల ఏవేవో పేజీలు తెరిచి చాలాసేపు చూశాడు.

"సార్, ఒకటి అడుగుతా. ఆ లింకు నొక్కినప్పుడు మీరు మేడం పేరు మీద లోపలే ఉన్నారా?"

"ఎప్పుడూ లోపలే ఉంటాను."

"ఎప్పుడూ అంటే?"

"బయటికి రాలేదు. కార్తీకం నుంచి."

జాన్సన్ కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"తప్పు మీది కాదు సార్. మనం రికార్డింగులు పెట్టడానికి సైటుకు ఒక ప్లగిన్ తగిలించినాము కదా, అంటే ఎవరో రాసి అందరికీ ఇచ్చిన పనిముట్టు. బొక్క దాంట్లో ఉంది. మీకు అర్థమయ్యేటట్టు చెప్తా. మన సుధారాణి ఉందా?"

కౌంటరులో ఫారాలు ముద్రిస్తున్న సుధారాణి తలెత్తింది.

"రోజూ చిన్నయ్య కొట్టుకు పోయి నా పేరు మీద టీ తెస్తుంది. చిన్నయ్యకు ఈ పిల్ల ముఖం తెలుసు. అడగడు, పోసిస్తాడు. ఒకరోజు దోవలో ఎవడో ఈ పిల్లను ఆపి, మీ సార్ టీ వద్దన్నాడు, కొట్టులో ఉన్న గ్లాసులన్నీ పగలగొట్టి రమ్మన్నాడు అని చెప్తే?"

"నేనేం పగలగొట్టను సార్, నాకు తెలివి లేదా?" అన్నది సుధారాణి.

"నీకు ఉందమ్మా, బ్రౌజరుకు లేదు. అది పోతుంది. చిన్నయ్య దాని ముఖం చూసి, మన జాన్సన్ మనిషే కదా అని పగలగొట్టనిస్తాడు. ఈ పిల్లా దొంగ కాదు, చిన్నయ్యా దొంగ కాదు. అట్లనే మీరు ఆ తెల్ల పేజీ తెరిచినప్పుడు అది మీ బ్రౌజరు చెవిలో ఒక పని చెప్పింది. పాతవన్నీ తీసేసి ఈ పేకముక్కలు పెట్టు అని. వచ్చింది మేడం బ్రౌజరే కాబట్టి ప్లగిన్ చేసేసింది. దీనికి క్రాస్ సైట్ రిక్వెస్ట్ ఫోర్జరీ అని పేరు."

"ఫోర్జరీ అంటే దొంగ సంతకం కదా."

"ఇక్కడ సంతకం నిజమైందే సార్. మేడందే. చేయించిన పని దొంగది."

లక్ష్మీనరసయ్య తన కుడిచేతి చూపుడువేలు వైపు చూసుకున్నాడు. "వాళ్ళకు ఈ గొర్రెల పిలుపులు ఎందుకు?"

"పిలుపులు వాళ్ళకు అక్కర్లేదు. చోటు కావాల. ఇట్లాంటి లింకులు ఊరూరా వెబ్‌సైట్లకు చల్లుతా ఉంటారు. ఎవరి పేరు ఉంటే ఆ పేరు యంత్రమే రాసుకుంటుంది. మనిషి కూడా కాదు సార్ అది రాసింది."

ఆ మాట లక్ష్మీనరసయ్యకు కష్టంగా తోచింది. ఫోటో ఉందని రాసినవాడు అబద్ధాలకోరైనా మనిషి అయితే బాగుండుననిపించింది.

సాయంత్రానికి జాన్సన్ పేకముక్కలు తీసేసి, తన దగ్గర దాచిన నకలు నుంచి పిలుపులు ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చాడు. కంభం వాళ్ళు వచ్చారు. దొనకొండ వాళ్ళు వచ్చారు. చివరిది రాలేదు. నకలు తీసింది దసరాకు ముందు. అంకన్న పిలుపు ఆమె పెట్టింది దసరా తర్వాత.

"మేడం ఫోనులో ఉంటుందేమో సార్."

"ఆసుపత్రిలో పోయింది ఫోను." లక్ష్మీనరసయ్య అన్నాడు, "మాలకొండయ్య దగ్గర ఉండాలి."

మాలకొండయ్య శ్రీశైలమ్మ తమ్ముడు, పుల్లలచెరువు దగ్గరే మంద కాస్తున్నాడు. తల్లి పోతే అతనికి బువ్వ పెట్టి పెంచింది అక్కే. లక్ష్మీనరసయ్య దంపతులకు పిల్లలు లేరు, ఆ లోటును చాలావరకు మాలకొండయ్యే తీర్చాడు. మంద దగ్గర నెట్టు అందదని, ఎప్పుడు పోయినా కొత్త పిలుపులను చిన్న మెమొరీ కార్డులో వేసుకొని పోయి, తమ్ముడి స్పీకరులో పెట్టి వచ్చేది ఆమె.

"అయితే రేపే పోయి తెచ్చేసుకుందాం" అన్నాడు జాన్సన్.

"నువ్వు పోయి రా. నా బండి తీసుకో. నాకు వాల్యుయేషన్ డ్యూటీ ఉంది."

వాల్యుయేషన్ అయిపోయి వారం దాటిందని జాన్సన్‌కు తెలుసు. తాళాలు తీసుకున్నాడు.

*

మరునాడు మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల గాలి హోరు, గొర్రెల అరుపులు, వాటి నడుమ జాన్సన్ గొంతు.

"సార్, మీ బామ్మర్ది కార్డు ఇయ్యనంటున్నాడు. సిగ్నల్ కోసం గుండురాయి ఎక్కి నిలబడినాము, మీరే మాట్లాడండి."

"మాలకొండయ్యా, నేనే పంపినాను రా. ఇచ్చి పంపు."

"బావా, బాగున్నావా?"

"బాగున్నాను. కార్డు ఇయ్యి."

"ఆనవాలు యాడ బావా?"

లక్ష్మీనరసయ్యకు వెంటనే అర్థమైంది. మామ అంకన్న పెట్టిన కట్టుబాటు అది. మంద అడవిలో ఉంటుంది, ఇల్లు ఊళ్ళో ఉంటుంది. ఊరినుంచి ఎవరైనా వచ్చి ఫలానావాళ్ళు పొట్టేలును తోలుకురమ్మన్నారు అంటే, మంద కాపరి మాట నమ్మి ఇవ్వడు. పోయినసారి వచ్చినవాళ్ళ చేతికి తానే ఒక గుర్తు ఇచ్చి పంపి ఉంటాడు. ఈసారి వచ్చినవాళ్ళు ఆ గుర్తు తెచ్చి చూపాలి. అది తీసుకొని, కొత్తది ఇస్తాడు.

"పొట్టేలును కాదు కదరా అడిగింది. గోరంత కార్డు."

"పొట్టేలైతే పోయినా ఇంకోటి పుడుతుంది."

"నా బండి చూసినావు కదా?"

"చూసినా. బండి నీదే."

"మాట్లాడేది నేనే కదా?"

"గొంతు నీదే బావా. నీ బండి వచ్చింది, నీ ఫోను వచ్చింది, నీ గొంతూ వచ్చింది. అవన్నీ ఎవుడైనా తెస్తాడు. ఆనవాలు యాడ? పోయినసారి అక్క చేతికి ఇచ్చినా. అది తీసుకురా."

"ఏమిచ్చినావు?"

"అక్కకు తెలుసు."



"అక్క లేదు కదరా" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"అక్క లేకపోతే ఇల్లు లేదా బావా? ఇంట్లోనే యాడనో పెట్టుంటది. ఎతుక్కో." ఫోను కట్టయింది.

జాన్సన్ చీకటి పడకముందే తిరిగొచ్చాడు. చొక్కా నిండా దుమ్ము. కోపంగా ఉన్నాడనుకుంటే, గడప ఎక్కుతూనే నవ్వడం మొదలుపెట్టాడు.

"మజ్జిగ పోసినారు సార్, జొన్నరొట్టె పెట్టినారు, వాళ్ళ కుక్క నన్ను వాసన చూసి చొక్కా కూడా కొరికింది. కార్డు మాత్రం ఇయ్యలేదు. దోవంతా తిట్టుకుంటూ వచ్చినా. త్రిపురాంతకం దగ్గర టీకి ఆగినా కదా, అప్పుడు తట్టింది. మన ప్లగిన్‌కు లేనిది అదే సార్! ముఖం చూసింది, ఇచ్చేసింది. ముఖం చూసినాక కూడా, నేను ఇచ్చిపంపిన గుర్తు యాడ అని అడగాల. ఆ ప్లగిన్ రాసినోళ్ళు ఇప్పుడు దిద్ది కొత్తది విడుదల చేసినారు. దాంట్లో చేసింది ఇంతే. పేజీ తెరిచినప్పుడల్లా సైటు ఒక కొత్త గుర్తు ఇస్తుంది. పని చేయమని వచ్చినప్పుడు అది వెనక్కి చూపాల. బయటి పేజీకి ఆ గుర్తు దొరకదు."

"అయితే మా బామ్మర్దిని ప్లగిన్ రాసే పనిలో పెట్టుకో."

"వద్దు సార్. అప్పుడు మనల్ని కూడా లోపలికి రానియ్యడు."

ఆమె పోయిన తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

*

ఆ గుర్తు ఎట్లా ఉంటుందో లక్ష్మీనరసయ్యకు తెలియదు. ఒకసారి చెక్కిన పుల్ల ఇచ్చేవాడు, ఒకసారి నల్లరాయి, ఒకసారి పొట్టేలు కొమ్ము ముక్క. ఎప్పుడూ తీసుకొచ్చేదీ తీసుకుపోయేదీ శ్రీశైలమ్మే. ఆమె బీరువా అతను కార్తీకం నుంచి తెరవలేదు. బంధువులు చీరలు ఎవరికైనా ఇచ్చేయమంటే, చూద్దాం అని దాటవేస్తూ వచ్చాడు.

జాన్సన్ వంటింట్లో కూర్చొని కొత్త ప్లగిన్ దింపుకుంటుంటే, అతను పడకగదిలోకి పోయి బీరువా తలుపు తీశాడు. కర్పూరం వాసన వచ్చింది. చీరల మడతల కింద చెయ్యి పెట్టి చూశాడు. బడికి తీసుకుపోయే సంచీలో సుద్దముక్క, నలిగిన బస్సు టికెట్లు, ఒక చాక్లెట్టు కాగితం. ఆమెకు చక్కెర జబ్బు. చాక్లెట్లు మానేశానని అతని ముందు ఒట్టు వేసింది. ఆ కాగితాన్ని కాసేపు పట్టుకొని, మళ్ళీ అక్కడే పెట్టాడు. పుల్ల లేదు, రాయి లేదు, కొమ్ము లేదు. దేవుడి గూట్లో చూశాడు, పోపులపెట్టెలో చూశాడు.

"దొరకలేదు" అని వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"దొరుకుతుందిలెండి సార్. ముందు చార్జరు ఇయ్యండి, బ్యాటరీ అయిపోవచ్చింది."

చార్జరు కిటికీ పక్కన కొక్కానికి వేలాడుతోంది. శ్రీశైలమ్మ వైరును చుట్టగా చుట్టి, చిక్కుపడకుండా కట్టేది. ఆ ముడిని లక్ష్మీనరసయ్య ఇన్ని నెలల్లో విప్పలేదు. చుట్ట విప్పకుండానే, ప్లగ్గు అందినంత మేర లాగి వాడుకుంటున్నాడు.

జాన్సన్ ముడి విప్పబోయి, చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేం తాడు సార్? మేక వాసన కొడుతుంది."

లక్ష్మీనరసయ్య దగ్గరికి వచ్చి చూశాడు. నల్లటి మేకవెంట్రుకలతో పేనిన తాడు, మూరెడు ఉంటుంది. ఒక కొసన పక్కపక్కన రెండు ముడులు. ఇంకో కొస కత్తితో కోసినట్టు ఉంది. రోజూ పొద్దున చూస్తున్న తాడే.

"నేను విప్పుతాను" అన్నాడు.

గట్టి ముడి. గోరుతో కొంచెం కొంచెంగా వదులు చేశాడు. జాన్సన్ లేచిపోయి మంచినీళ్ళు తాగుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

*

ఈసారి తానే పోయాడు. ఎర్రటి దారి, రెండు వైపులా ఎండిన కందిమోళ్ళు, దూరాన నల్లమల. ఆమె బండి వెనక కూర్చొని, ఫలానా చేను ఎవరిది, ఫలానా బావిలో నీళ్ళు ఎప్పుడు అడుగంటినాయి అని చెబుతూ వచ్చే దారి అది. ఈసారి ఆ చేలకు పేర్లు లేవు.

దొడ్డి ముందు రోశమ్మ పొయ్యి రాజేస్తోంది. మాలకొండయ్య భార్య. బండి చప్పుడుకు లేచి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇన్నాళ్ళకు దోవ తెలిసిందా అన్నా? ఒదిన పోయిందని మేము కూడా పోయినామనుకున్నావా?"

"లేదమ్మా…"

"ఏంది లేదు? మీ బామ్మర్ది ఒక్కపూట కూడా సరిగ్గా తినడంల్యా. బావ రాలేదు, బావ రాలేదు అని గొర్రెలకు చెప్పుకుంటాడు. కూర్చో. ముందు నీళ్ళు తాగు."

మాలకొండయ్య మందను తోలుకొని వచ్చేసరికి పొద్దు వాలింది. బావను చూశాడు. పలకరించకుండా చెయ్యి చాపాడు. లక్ష్మీనరసయ్య జేబులోంచి తాడు తీసి ఇచ్చాడు. మాలకొండయ్య దొడ్డి గుంజకు వేలాడుతున్న సంచీలోంచి ఇంకో తాడు తీసి, కోసిన కొసలు రెండూ కలిపి చూశాడు. వెంట్రుకల పేట పేటకు కలిసింది.

"సరే. ఇప్పుడు బాగున్నావా బావా?" అని, చేతిలోని తాడును పొయ్యిలోకి వేయబోయాడు.

"ఆగు." లక్ష్మీనరసయ్య చెయ్యి ముందుకు పోయింది. "అది నాకు ఇయ్యి రా. ఆమె కట్టిన ముడి దాని మీద…"

"ముడి విప్పే కదా తెచ్చినావు."

లక్ష్మీనరసయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"బావా, నాయన కాలంలో ఒకడు పాత ఆనవాలు దాచుకొని, మళ్ళీ తెచ్చి చూపించి రెండు పొట్టేళ్ళు తోలుకపోయినాడు. అప్పటినుంచి వచ్చిన ఆనవాలు వచ్చినట్టు పొయ్యిలో వేసేది. అక్క తెచ్చినవి కూడా అన్నీ ఇట్లనే వేసినా. ఆమె ఎప్పుడూ అడగలే." అతని గొంతు కొంచెం తగ్గింది. "నువ్వు వద్దంటే వెయ్యను. చెప్పు."

రోశమ్మ పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడుతూ దొడ్డిలోకి దూరుతున్నాయి. లక్ష్మీనరసయ్య తాడు వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు.

"వెయ్యి" అన్నాడు.

వెంట్రుకలు చిటచిటమని మండి, ఘాటైన వాసన వచ్చింది. రోశమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మాలకొండయ్య గుంజకు తగిలించిన చిన్న స్పీకరు తెచ్చాడు. మీట నొక్కుతూ ఒక్కో పిలుపూ దాటించుకుంటూ చివరిదాకా పోయాడు.

"ద్రుయ్… ద్రుయ్ ద్రుయ్… రాండి తల్లీ, పొద్దుగూకింది."

గొర్రెలు పట్టించుకోలేదు. అంకన్న పోయి చాలా ఏళ్ళయింది. ఈ మందలో ఆ పిలుపు ఎరిగిన జీవం ఒక్కటీ లేదు. కుక్క మాత్రం లేచి స్పీకరు చుట్టూ తిరిగి, దారి వైపు చూసి, మళ్ళీ కూర్చుంది. నవ్వు వినిపించింది. తర్వాత కుక్కరు విజిలు. ఆ మోతకు మంద మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడి దొడ్డి మూలకు దొర్లింది. ఒక మేకపోతు కంచె మీదికి ఎగిరింది.

"ఓరి నీ కుక్కరు పాడుగాను!" అని రోశమ్మ మేకపోతు వెంట పరుగెత్తింది.

"ఏందయ్యా, అట్ల చూస్తా నిలబడకపోతే ఆ పొయ్యి ఆపకూడదా?"

స్పీకరు ఆగింది. మాలకొండయ్య బావ ముఖంలోకి చూశాడు.

"అడుగుతుంది కదా బావా. చెప్పు. ఆపినావా, లేదా?"

"ఆపినా" అన్నాడు లక్ష్మీనరసయ్య.

అన్నం తినేటప్పుడు రోశమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "జాన్సన్ అన్న అడిగినప్పుడే ఇచ్చేటోడే. ఇస్తే నువ్వు వస్తావా అని నాతో అన్నాడు. వస్తావా అన్నా నువ్వు?"

"నువ్వు ఊరుకో" అన్నాడు మాలకొండయ్య, ముద్ద కలుపుతూ. "ఆనవాలు ఆనవాలే. నాయన పెట్టింది."

వచ్చేటప్పుడు కార్డును మందుబిళ్ళల ఖాళీ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. కొత్త తాడు పేని, రెండు ముడులు వేసి, కత్తితో నడిమికి కోసి, ఒక ముక్క బావ చేతిలో పెట్టాడు. "కార్డు నాది. తిరిగి తేవాల. ఇది లేకుండా వస్తే కుక్కను వదుల్తా."

*

అంకన్న పిలుపు మళ్ళీ తన చోటికి వచ్చింది, కుక్కరు విజిలుతో సహా. కొత్త ప్లగిన్ పనిచేస్తోంది. జాన్సన్ ఆ పాత వ్యాఖ్యనూ, దాని లింకునూ తీసేశాడు. ఆ వారం లోపలే లక్ష్మీనరసయ్య కార్డు తిరిగి ఇచ్చి, ఇంకో తాడు తెచ్చుకున్నాడు. ఆ తాడు ఇప్పుడు చార్జరు వైరుకు ఉంది. చుట్ట ఆమె చుట్టినంత గుండ్రంగా రాలేదు.

ఒకరోజు జాన్సన్ టీ తాగుతూ, ఎట్లా మొదలుపెట్టాలో తెలియనట్టు, గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"సార్, మీ పేరు మీద ఒక ఖాతా చేసినా. పాస్‌వర్డు మీరే పెట్టుకోండి. ఇకమీద పని ఏమున్నా దాంట్లోనే చేయండి, అయిపోగానే బయటికి రండి. మేడం ఖాతాకు అధికారాలన్నీ తీసేసినా. దాంతో ఎవడూ ఏదీ చెరపలేడు. పేరు ఒక్కటే ఉంటుంది. నేను ఇంకా ముందుకు పోయి దాన్ని మూయలేదు. అది మీరు చేయాల్సిన పని."

"మూయకపోతే?"

"ఏమీ కాదు సార్. ఏడాది నిండినాక అదే పాస్‌వర్డు అడుగుతుంది."

లక్ష్మీనరసయ్య తల ఊపాడు. తన ఖాతాకు పాస్‌వర్డు పెట్టుకున్నాడు. వచ్చే సెలవుల్లో మాలకొండయ్య పిలుపు పట్టాలని అనుకున్నారు. ఎప్పుడు అడిగినా, ఇంట్లోవాళ్ళకు ఎందుకక్కా అని అక్కను దాటవేస్తూ వచ్చినందువల్ల, సైటులో అతనిది ఒక్కటే లేదు. ఆ పిలుపు పెట్టే పని లక్ష్మీనరసయ్య తన పేరు మీదనే చేస్తాడు.

పొద్దున కాఫీతో కూర్చున్నప్పుడు ఆ గొంతును ఇప్పుడు అందరిలాగా బయటి వాకిలి నుంచే వింటున్నాడు. లోపలి పేజీ పక్కనే తెరిచి ఉంటుంది. శ్రీశైలమ్మ ఖాతా నుంచి లాగౌట్ మాత్రం ఇంకా చేయలేదు.